వెనక సగం పూడ్చిన నల్ల నేలలో ఏ పునాది వేయాలి?

ప్రశ్న: మేము కొత్తగా ఇల్లు కట్టుకోబోతున్నాం. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. పునాది దగ్గరే ఆగిపోయాం. రాతి పునాదే మంచిదని, తాను కట్టించిన ఇల్లు నలభై ఏళ్ళయినా చెక్కుచెదరలేదని మా మామగారు అంటారు. ఐదడుగుల గుంటలు తీసి ఫుటింగులు వేస్తే చాలని మేస్త్రీ అంటున్నాడు. ప్లాన్ గీసిన ఇంజనీరు గారు రాఫ్ట్ వేసేస్తే ఏ గొడవా ఉండదన్నారు. మా వారి స్నేహితుడు ఒకాయన పైల్స్ వేయించుకున్నారట, అన్నిటికంటే అదే గట్టిదంటున్నారు. మా స్థలం చదునుగానే ఉంది. వెనక సగం కాస్త పల్లంగా ఉంటే మూడేళ్ళ కిందట మట్టి తోలించి ముందు భాగానికి సమానం చేయించాం. నల్ల నేల. ఎండాకాలంలో నెర్రెలు వస్తాయి. ఈ నాలుగింటిలో ఏది గట్టి పునాదో చెప్పండి. రోజూ ఇంట్లో ఇదే చర్చ. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన ప్రశ్న ఉత్తరం చివర్లో ఉంది. నన్ను ఆపేసినవి మాత్రం దానికి ముందు మీరు మామూలుగా రాసేసిన మూడు ముక్కలు. వెనక సగం పూడ్చారు. నల్ల నేల. నెర్రెలు వస్తాయి. నాలుగు పునాదుల్లో ఏది మంచిదో తేల్చేవి ఈ మూడే. అవి మీ ఇంటి చర్చలోకి ఇంకా వచ్చినట్టు లేదు.

మీకు సలహా చెప్పిన నలుగురిలో ఎవరూ తప్పు చెప్పలేదు. మీ మామగారి ఇల్లు నలభై ఏళ్ళు నిలిచిందంటే అక్కడి నేలకు రాతి పునాది సరిపోయిందని అర్థం. స్నేహితుడికి పైల్స్ అవసరమైన నేల దొరికి ఉంటుంది. ఎవరి అనుభవం వారి స్థలానిది. మీ స్థలంలో పలుగు దించి చూసినవారు ఇంకా ఎవరూ లేరు, నా బాధ అది.

ముందు పునాది చేసే పని చూద్దాం. తడిసిన తోటలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోండి. కుర్చీ కాళ్ళు మట్టిలోకి దిగిపోతాయి. ప్రతి కాలి కింద ఒక చెక్కముక్క పెడితే దిగవు. బరువు తగ్గలేదు, నేల మారలేదు, ఆ బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంది. ఫుటింగ్ అంటే ఆ చెక్కముక్కే. నాలుగు కాళ్ళకూ కలిపి ఒకే పెద్ద చెక్క వేస్తే అది రాఫ్ట్. కాళ్ళనే పొడవు చేసి బురద దాటించి కింది గట్టి నేలకు తగిలిస్తే అవి పైల్స్. ఇక కాళ్ళు లేకుండా గోడలే బరువు మోసే ఇల్లయితే, ఆ గోడల పొడవునా కింద వెడల్పాటి కట్టడం పరుస్తారు. మీ మామగారి రాతి పునాది ఈ రకం. స్ట్రిప్ పునాది అంటారు. మెట్లు మెట్లుగా కిందికి వెడల్పవుతూ పోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక పిల్లర్ మీద 40 టన్నుల బరువు వస్తుందనుకుందాం. నేల చదరపు మీటరుకు 20 టన్నులు భద్రంగా మోయగలిగితే 2 చదరపు మీటర్ల ఫుటింగ్ చాలు, అంటే ఒక్కో వైపు మీటరున్నర కంటే కాస్త తక్కువ. అదే నేల 10 టన్నులే మోస్తే 2 మీటర్ల చొప్పున నలుచదరం కావాలి. 5 టన్నులే మోస్తే ఒక్కో వైపు 2.8 మీటర్లు దాటుతుంది. అప్పుడు పక్కపక్క ఫుటింగులు ఒకదాన్నొకటి తాకడం మొదలవుతుంది. ఫుటింగులన్నీ కలిపి ఇంటి వైశాల్యంలో సగం దాటేట్టుంటే విడివిడిగా వేయడం కంటే రాఫ్టే నయమని ఇంజనీర్లు సాధారణంగా లెక్క వేస్తారు. ఈ నేల మోసే బరువునే వాళ్ళు ఎస్‌బీసీ అంటారు. ఆ అంకె లేకుండా మేస్త్రీ చెప్పిన ఐదడుగుల గుంట ఒక అలవాటు మాత్రమే. ఎక్కువ చోట్ల సరిపోతుంది. సరిపోని చోట ఎందుకు సరిపోలేదో తెలిసేసరికి గృహప్రవేశం కూడా అయిపోయి ఉంటుంది.

ఇంకో మాట. ఇల్లంతా ఒకేలా కొంచెం కుంగితే పెద్ద ప్రమాదం లేదు. బరువు పడితే ప్రతి నేలా ఎంతో కొంత దిగుతుంది. మెక్సికో నగరంలో 1934లో పూర్తయిన లలితకళల భవనం కింది మెత్తటి బంకమట్టిలోకి మీటర్ల లెక్కన దిగింది. ఇవాళ్టికీ అందులో కార్యక్రమాలు నడుస్తున్నాయి. ఇల్లు పాడయ్యేది ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కుంగినప్పుడు. మూడు మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్ల మధ్య 10 మిల్లీమీటర్ల తేడా వస్తే చాలు, మధ్యలో గోడకు బీటలు మొదలవుతాయి. మీ చిటికెన వేలి మందం కూడా ఉండదు ఆ తేడా.

అందుకే మీ వెనక సగం నన్ను భయపెడుతోంది. ముందు భాగం ఎప్పటి నుంచో ఉన్న సొంత నేల. వెనక భాగం మూడేళ్ళ కిందట లారీలతో పోసిన మట్టి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, గడ్డి కూడా ఒకేలా మొలిచి ఉంటుంది. బరువు పడ్డాక మాత్రం ఒకేలా ఉండవు. పోసిన మట్టిని పొరలు పొరలుగా పరిచి, తడిపి, రోలర్‌తో తొక్కించి ఉంటే వేరు. స్థలం చదును చేయడానికి తోలించిన మట్టిని అలా తొక్కించినవారు నాకు చాలా తక్కువ మంది కనబడ్డారు. మూడు వానాకాలాలు తడిసి సర్దుకుంటుందనేది చాలామంది నమ్మకం. పై అడుగో రెండడుగులో సర్దుకుంటుంది. లోపల ఖాళీలు అలాగే ఉంటాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి ఇల్లే ఒకటి చూడటానికి పిలిచారు. వెనక పడకగది తలుపు పడటం లేదని పిలుపు. వడ్రంగి అప్పటికే రెండుసార్లు తలుపు అంచు చిత్రిక పట్టాడు. తలుపు పైన చూస్తే గడియ వైపు సందు, కీలు వైపు బిగుతు. ఆ గది గోడ మీద పగులు ఇటుకల వరసల వెంట మెట్లు మెట్లుగా ఎక్కింది. కింద వెంట్రుక మందం, పైకి పోయేకొద్దీ వెడల్పు, పైకప్పు దగ్గర నా పెన్ను మూత దూరింది. పైన వెడల్పు, కింద సన్నం అంటే ఆ చివర కిందికి దిగుతోందని అర్థం. బయటికి వెళ్ళి గోడ పక్కన తవ్విస్తే నాలుగడుగుల లోతులో ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, పాత గుడ్డలు బయటపడ్డాయి. ఫుటింగ్ వాటి మీదే కూర్చుంది. ఇంటావిడ ఆ గుంట అంచున నిలబడి ఏమీ మాట్లాడలేదు. ముందు గదులు మాత్రం ఈనాటికీ బాగున్నాయి. మంచి ఇటుక, మంచి సిమెంటు, మంచి పనితనం. కింద సగం ఒక నేల, సగం ఇంకో నేల. అప్పటి నుంచి ఎవరి స్థలంలోనైనా "పూడ్చాం" అన్న మాట వినిపిస్తే నేను అక్కడే ఆగుతాను.

పూడ్చిన మట్టి ఎంత మందం ఉన్నా పునాది దాన్ని దాటి కింది సొంత నేలకు చేరాలి. ఇందులో బేరం లేదు.

ఇక మీ నల్ల నేల సంగతి. నల్లరేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మీరు చూసే నెర్రె ఆ ముడుచుకోవడమే. మే నెలలో ఒక నెర్రెలోకి సన్నటి కర్ర దించి చూడండి, ఎంత లోతు పోతుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది. కనీసం అంత లోతు వరకూ ఆ మట్టి ఏటా కదులుతోందన్నమాట. దాని మీద కూర్చున్న పునాది ఏటా వానల్లో లేస్తుంది, ఎండల్లో దిగుతుంది. బరువైన పెద్ద భవనాన్ని ఈ మట్టి అంత తేలిగ్గా ఎత్తలేదు. చిన్న ఇళ్ళనే సులువుగా ఎత్తుతుంది. చిన్న ఇల్లే కదా, ఏ పునాది అయినా ఫర్వాలేదని నల్ల నేలలో అనుకోవడం అందుకే పెద్ద పొరపాటు.

రాఫ్ట్ మీద మీ ఇంజనీరు గారితో నా అభిప్రాయభేదం ఇక్కడే. ఆయన ఉద్దేశం మంచిదే. అక్కడక్కడా మెత్తటి చోట్లు ఉన్న నేలలో రాఫ్ట్ వాటి మీద వంతెనలా పనిచేస్తుంది, ఒక్క పిల్లర్ విడిగా దిగిపోనివ్వదు. కానీ నల్ల నేల మీద పరిచిన పల్చటి రాఫ్ట్ కింద మధ్యలో తేమ ఏడాదంతా నిలిచే ఉంటుంది. అంచుల దగ్గర మాత్రం ఎండకు ఎండి, వానకు తడుస్తుంది. దాంతో ఎండాకాలంలో అంచులు దిగి మధ్య భాగం గొడుగులా పైకి నిలుస్తుంది. తట్టుకోవాలంటే కింద లోతైన బీములతో రాఫ్ట్‌ను బాగా బిరుసుగా చేయాలి. పైగా మీ స్థలంలో వెనక సగం మెత్తన. రాఫ్ట్ విరగకపోయినా ఇల్లు మొత్తం వెనక్కి ఒరగవచ్చు. ఇంకో విషయం కూడా ఉంది. ఒక చతురస్రపు పునాది ఒత్తిడి దాని వెడల్పుకు దాదాపు రెండింతల లోతు దాకా నేలకు తెలుస్తుంది. మీటరున్నర ఫుటింగ్ దూరంగా ఒక్కటే ఉంటే మూడు మీటర్ల లోపే దాని ప్రభావం దాదాపు అయిపోతుంది. పది మీటర్ల రాఫ్ట్ ఇంకా చాలా లోతున ఉన్న మెత్తటి పొరను కూడా కదిలిస్తుంది. రాఫ్ట్ వేస్తే ఏ గొడవా ఉండదనే మాట అన్ని చోట్లా నిలవదు.

మరి పైల్స్? రెండు విధాలుగా బరువు మోస్తాయి. అడుగున గట్టి పొర మీద ఆనుకుని మోసేవి కొన్ని, ఒంటి పొడవునా మట్టితో రాపిడి పట్టుకుని మోసేవి కొన్ని. చాలా వాటిలో రెండూ కలిసి ఉంటాయి. నల్ల నేలకోసమే బాగా పనికొచ్చే రకం ఒకటుంది, అండర్ రీమ్డ్ పైల్ అంటారు. సన్నటి బోరు తవ్వి, అడుగున ప్రత్యేకమైన పనిముట్టుతో మట్టిని కోసి గుమ్మటంలా వెడల్పు చేసి, చువ్వల బోను దించి కాంక్రీటు పోస్తారు. ఆ ఉబ్బు సాధారణంగా పైల్ వ్యాసానికి రెండున్నర రెట్లు ఉంటుంది. తేమ మారని లోతులో, మామూలుగా మూడున్నర మీటర్లు గానీ ఇంకా కిందికి గానీ, అది లంగరులా పట్టుకుంటుంది. పై మట్టి ఉబ్బి ఎత్తబోయినా పైల్ లేవదు. అయితే ఒక షరతు. పైల్స్ తలలను కలుపుతూ గోడల అడుగున పోసే ప్లింత్ బీమ్ కింద మట్టి తగలకుండా కొన్ని అంగుళాల ఖాళీ వదలాలి. చాలా చోట్ల పనివాళ్ళు ఆ ఖాళీని మట్టితో నింపేసి దాని మీదే కాంక్రీటు పోస్తారు. అప్పుడు మట్టి ఉబ్బి పైల్‌ను వదిలి బీమ్‌ను ఎత్తుతుంది. మీరు చేతికందే దూరంలో నిలబడి చూసుకోవలసిన పని ఇది.

మీ వెనక భాగంలో పైల్స్ వేస్తే ఇంకొకటి కూడా డిజైన్‌లో లెక్కలోకి రావాలి. పోసిన మట్టి కుంగుతూ పైల్‌ను కూడా తనతో కిందికి లాగుతుంది. ఆ లాగుడు ఇంటి బరువుకు అదనం.

ఈ ఉత్తరం చదివే మిగతావారి నేల వేరుగా ఉండవచ్చు, వారికోసం రెండు మాటలు. రాయి పైనే తగిలితే అదృష్టమే, కానీ ఇంటి సగం రాయి మీద, సగం మట్టి మీద పడకుండా చూసుకోండి. మొరం, గట్టి ఎర్రమట్టి ఉన్నచోట చిన్న ఇంటికి విడి ఫుటింగులు హాయిగా సరిపోతాయి. వదులు ఇసుక, పైనే నీళ్ళు, భూకంపాల ప్రాంతం, ఈ మూడూ కలిస్తే జాగ్రత్త. జపాన్‌లోని నీగటాలో 1964 భూకంపంలో ఇసుక ద్రవంలా మారి, కొన్ని అపార్ట్‌మెంట్ భవనాలు పెద్దగా విరగకుండానే పక్కకు ఒరిగి పడ్డాయి. గడ్డకట్టే చలి ఉండే దేశాల్లో నేలలోని నీరు మంచుగా మారి పునాదిని ఎత్తుతుంది, అందుకే అక్కడ ఆ మంచు దిగే లోతు దాటి తవ్వుతారు. సెల్లార్ కావాలనుకునేవారు భూగర్భ జలం ఎక్కడుందో ముందు తెలుసుకోండి. ప్రతి మీటరు నీటి ఎత్తుకూ చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున అది అడుగు నుంచి పైకి తోస్తుంది. పక్కింటి హద్దు మీద పిల్లర్ వచ్చినప్పుడు ఫుటింగ్ మధ్యలో కూర్చోదు కాబట్టి, లోపలి పిల్లర్‌తో కలిపి ఒకే ఫుటింగ్‌గా వేస్తారు, లేదా రెంటినీ బీమ్‌తో కడతారు.

మీ విషయానికి వస్తే, చేయించవలసింది మట్టి పరీక్ష. ముందు భాగంలో ఒక బోరు, వెనక భాగంలో ఒక బోరు. ఒకటి చాలు అంటే ఒప్పుకోకండి, మీకు తెలియాల్సిందే రెంటి మధ్య తేడా. ఆ రోజు మీరు దగ్గర ఉండండి. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఒక గొట్టాన్ని మట్టిలోకి దించుతారు. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో అదే ఆ లోతుకు అంకె. ముందు బోరులో ఇరవై దెబ్బలు పట్టిన లోతులో వెనక బోరులో నాలుగు దెబ్బలకే గొట్టం దిగిపోతే, మీకు నేను గానీ ఇంకొకరు గానీ వేరే వివరించనక్కరలేదు. ఆ చప్పుడే చెబుతుంది.

ల్యాబ్‌లో ఫ్రీ స్వెల్ పరీక్ష కూడా చేయమనండి. ఎండబెట్టి జల్లించిన మీ మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రల్లో వేసి, ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి ఒక రోజు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ళలో ఎంత ఎక్కువ ఉబ్బిందో పక్కపక్కన పెట్టి చదువుతారు. తేడా 50 శాతం దాటితే ఆ మట్టిని మామూలు నేలగా చూడకూడదు. వీలైతే ఆ రెండు పాత్రలూ మీ మామగారికి చూపించండి. పెద్దాయన మాట కాదన్నట్టు ఉండదు, నేల తేడా ఆయనకే కళ్ళ ముందు కనబడుతుంది.

రిపోర్టు వచ్చాక నా మొగ్గు ఎటో ఇప్పుడే చెబుతాను. పూడ్చిన మట్టీ, నల్ల మట్టీ కలిపి రెండు రెండున్నర మీటర్లలో అయిపోయి కింద మొరం తగిలితే, మేస్త్రీ మాటే బాగుంది. ఐదడుగుల లెక్క మాత్రం వదిలేసి, వెనకా ముందూ అన్ని గుంటలూ మొరం తగిలేదాకా తీయించండి. పిల్లర్లన్నిటినీ కింద టై బీములతో, పైన ప్లింత్ బీములతో కట్టించండి. నల్ల మట్టి ఇంకా లోతుకు పోతే అండర్ రీమ్డ్ పైల్స్, ఇల్లంతా. ముందు సగం ఫుటింగులు, వెనక సగం పైల్స్ అని ఎవరైనా పొదుపు చెబితే వద్దనండి. రెండు రకాల పునాది రెండు రకాలుగా దిగుతుంది, మనం తప్పించుకోవాలనుకున్నది దాన్నే.

గుంటలు తీసిన రోజుల గురించి కూడా రాయాలి, ఎందుకంటే కాగితం మీద మంచి పునాది చెడిపోయేది అక్కడే. తీసిన గుంట వానకు తడిస్తే అడుగున బురద పొర వస్తుంది. దాన్ని పూర్తిగా గీకి తీసేశాకే బెడ్ కాంక్రీటు, అంటే ఫుటింగ్ కింద పరిచే పల్చటి కాంక్రీటు పొర, పోయాలి. పొరపాటున ఎక్కువ లోతు తవ్వితే తీసిన మట్టినే మళ్ళీ వేసి దిమ్మిస కొట్టడం చేయనివ్వకండి, ఆ లోతును కాంక్రీటుతోనే నింపాలి. ఫుటింగ్‌లో చువ్వల మ్యాట్ అడుగు వైపు ఉంటుంది, ఎందుకంటే నేల కింది నుంచి తోస్తుంటే ఫుటింగ్ అంచులు పైకి వంగాలని చూస్తాయి, సాగేది అడుగు భాగం. ఆ మ్యాట్ కింద 50 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు పెట్టారో లేదో వంగి చూడండి. కంకర రాళ్ళు పెడితే కాంక్రీటు పోసేటప్పుడు జారిపోతాయి, ఇనుము నేలకు తగిలి తుప్పు పడుతుంది.

గది నేలను కూడా మరిచిపోకండి. పిల్లర్లు ఎంత లోతుకు పోయినా గచ్చు మాత్రం ప్లింత్ లోపల నింపిన మట్టి మీదే ఉంటుంది. అక్కడ నల్ల మట్టి కనీసం పై పొరైనా తీసేసి, మొరం వంటి ఉబ్బని మట్టిని జానెడు పొరలుగా వేసి, తడిపి తొక్కించకపోతే ఇల్లు నిలబడుతుంది, టైల్స్ లేస్తాయి.

ఇల్లు అయ్యాక నీళ్ళు. పైకప్పు గొట్టాలు గోడ మొదట్లో పడకూడదు. ఇంటి చుట్టూ బయటికి వాలుగా గచ్చు చేయించండి. నల్ల నేలలో పెద్ద చెట్టు గోడ పక్కన నాటకండి, దాని వేళ్ళు ఒక మూలన మట్టిని ఎండబెట్టేస్తాయి. చెట్టు నాకూ ఇష్టమే, కొంచెం దూరంగా పెంచుకోండి.

ఇంట్లో చర్చ ఆపడానికి ఇప్పటికి ఒక్క నిర్ణయం చాలు. రెండు బోర్లు అయ్యేదాకా గుంట తీయకూడదు అని నలుగురితోనూ అనిపించండి. రిపోర్టు చేతికి వచ్చాక ఏ లోతులో ఎన్ని దెబ్బలో రాసి ఉండే పేజీ, వెనక భాగంలో పూడ్చిన మట్టి ఎంత మందం ఉందో రాసి ఉండే పేజీ, ఈ రెండూ మీ ఇంజనీరు గారి ముందు పెట్టండి. నాకూ ఒక కాపీ పంపండి, చూసి జవాబు రాస్తాను.